జబ్బా, నటనా: 43 వాక్యాల తగాదా

ప్రమాదంలో దెబ్బతిన్నానని పరిహారం అడిగిన మనిషి నిజంగానే బాధపడుతున్నాడా, డబ్బు కోసం మూలుగుతున్నాడా? అమెరికా కోర్టుల్లో ఈ వాదన రాజుకున్నప్పుడల్లా బీమా కంపెనీ లాయరు చేతిలో తరచూ కనిపించే కాగితం ఒకటుంది. అది ఎంఎంపీఐ, అంటే మిన్నెసోటా మల్టీఫేసిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ అనే వ్యక్తిత్వ పరీక్ష రిపోర్టు. లాయరు వేలు పెట్టి చూపించేది అందులో ఎఫ్‌బీఎస్ అనే మూడక్షరాల ఎదురుగా ఉండే అంకెని. జబ్బు నటించేవాణ్ణి పట్టే కొలత అని దానికి పేరు.

పరీక్ష పుట్టుక కథ సైకాలజీ చదివినవాళ్లందరికీ తెలిసిందే. 1943లో మిన్నెసోటా యూనివర్సిటీలో హాథవే, మెకిన్లీ దాన్ని ప్రచురించారు. అందులో వందల వాక్యాలుంటాయి, ఒక్కోదానికి అవుననో కాదనో జవాబివ్వాలి. ఒక్కో లక్షణాన్ని కొలవడానికి ఏరిన వాక్యాల గుంపుని స్కేలు అంటారు. ఇవాళ్టి గొడవ అర్థం కావడానికి ఆ కథలో ఒక్క ముక్క చాలు. ఏ వాక్యం ఏ స్కేలులోకి వెళ్లాలో వాళ్లు తమకు తోచినట్టు తేల్చలేదు. డిప్రెషన్ రోగులు మామూలు జనం కన్నా వేరుగా జవాబిచ్చిన వాక్యాలు ఏవైతే అవి డిప్రెషన్ స్కేలులోకి వెళ్లాయి. వాక్యం పైకి ఏం చెబుతోందన్నది లెక్కలోకి రాలేదు. ఆ మామూలు జనంలో ఎక్కువమంది యూనివర్సిటీ ఆసుపత్రికి రోగుల్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలూ స్నేహితులూను. ఏ ఆసుపత్రి వరండాలోనైనా క్యారియర్ పట్టుకుని కూర్చునేవాళ్లలాంటి మనుషులే అనుకోండి.

మార్కుల లెక్క కష్టమైనదేం కాదు. రైల్వేలో స్టేషన్ మాస్టర్ పోస్టుకి ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసిన కుర్రాళ్లకి టీ-స్కోర్ అంటే తెలుసు, అక్కడ కనీసం 42 రావాలి. వచ్చిన మార్కుల్ని సగటు మనిషికి 50 అయ్యేలా మార్చిన అంకె అది. ఇక్కడా అంతే. 1989లో వచ్చిన రెండో రూపంలో, అంటే 567 వాక్యాల ఎంఎంపీఐ-2లో, 65 దగ్గర గీత గీశారు, అది దాటితే జబ్బుందేమోనని అనుమానించాలి. మామూలు జనంలో నూటికి ఎనిమిది మంది దాకా మాత్రమే ఆ గీత దాటుతారు.

అబద్ధాల్ని పట్టే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. ఎల్ స్కేలులో 15 వాక్యాలు. అందరూ చేసే చిన్నచిన్న తప్పుల్ని కూడా ఒప్పుకోనివాణ్ణి అవి పట్టిస్తాయి. పేపర్లో ప్రతి సంపాదకీయమూ రోజూ చదువుతానని చెప్పేవాడు ఇక్కడ దొరికిపోతాడు. (సంపాదకీయాలు రాసేవాళ్లూ దొరుకుతారని నా అనుమానం.) ఎఫ్ స్కేలు దీనికి ఎదురు దిక్కున పనిచేస్తుంది. మామూలు జనంలో పదిమందిలో ఒకరు కూడా ఒప్పుకోని వింత సంగతులకి వరుసగా అవునంటూ పోతే స్కోరు పెరుగుతుంది. 1946లో మీల్ అనే సైకాలజిస్టు, హాథవే కలిసి కె స్కేలు చేర్చారు. బాధ ఉన్నా బయటపడని మనిషిని, పరువు కోసం గుంభనంగా ఉండేవాణ్ణి కనిపెట్టడం దాని పని. తర్వాత, దాదాపు ఒకే అర్థం ఉన్న వాక్యాల్ని దూరదూరంగా పెట్టి, రెండింటికీ పొంతన లేని జవాబులిచ్చినవాణ్ణి గుర్తించే స్కేలూ వచ్చింది. చదవకుండా గీతలు గీసేసినవాడు దానికి చిక్కుతాడు.

వీటిలో ఎల్, కె, పొంతన చూసే స్కేలు పట్టించుకునేది మనిషి జవాబిచ్చే తీరుని. ఎఫ్ స్కేలుతోనే చిక్కు. అందులో ఎక్కువ స్కోరు వస్తే నటనే కానక్కర్లేదు, నిజంగానే పెద్ద జబ్బు ఉండవచ్చు, ప్రశ్నలు అర్థం కాకపోయీ ఉండవచ్చు. ఆ చిక్కు తెలిసే 1995లో ఆర్బిసి, బెన్-పొరాత్ అనే సైకాలజిస్టులు ఇంకో స్కేలు తయారు చేశారు. ఆసుపత్రిలో చేరిన మానసిక రోగులు కూడా అరుదుగా ఒప్పుకునే వాక్యాల్నే దానికి ఏరుకున్నారు. జబ్బుపడ్డ మనిషిని దొంగ అనకూడదన్న జాగ్రత్త ఆ ఏరుకోవడంలోనే ఉంది.

ఎఫ్‌బీఎస్ దారి వేరు. నిద్రపోయేవాణ్ణి లేపగలం గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఆ నటించేవాణ్ణి కాగితం మీద పట్టొచ్చని 1991లో పాల్ లీస్-హేలీ అనే సైకాలజిస్టు ఇద్దరు సహరచయితలతో కలిసి ఒక వ్యాసం వేశాడు. పాత పరీక్షలోంచే 43 వాక్యాలు తీసి దానికి ఫేక్ బ్యాడ్ స్కేల్, పొట్టిగా ఎఫ్‌బీఎస్ అని పేరు పెట్టాడు. గాయం కేసుల్లో జబ్బు నటించేవాళ్లని తాను గమనించినదాన్ని బట్టీ, అచ్చుకాని కొన్ని లెక్కల్ని బట్టీ వాక్యాల్ని తనే ఎంచుకున్నాడు. పరిహారం కేసుల్లో అతను ఎక్కువగా పనిచేసింది ప్రతివాదుల తరఫునే.

ఆ 43లో ఏముంది? నిద్ర సరిగా పట్టకపోవడం, పీడకలలు, తలనొప్పి, ఒంట్లో నలత, టెన్షన్. ఇలాంటివాటికి అవునంటే స్కోరు పెరుగుతుంది. నేను తప్పులు చేయని మంచివాణ్ణి అన్నట్టు జవాబిచ్చినా పెరుగుతుంది. ఇక్కడ దారి మళ్లిందని నా ఉద్దేశం. కారు గుద్దుకుని నిజంగానే మెడ పట్టేసి, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్న మనిషి ఈ వాక్యాలకి ఏం జవాబివ్వాలి? నిజం చెబితే అనుమానం, దాచుకుంటే పరిహారం లేదు. అదీగాక ఈ వాక్యాల్లో చాలావాటికి శారీరక బాధల్ని కొలిచే పాత స్కేళ్లలోనూ చోటుంది. ఒకే జవాబు ఒకచోట జబ్బు కింద, ఇంకోచోట నటన కింద లెక్కకొస్తోంది.

ఎంఎంపీఐ-2 తయారీలో ప్రధాన పాత్ర ఉన్న జేమ్స్ బుచర్ ఈ అభ్యంతరాన్ని గట్టిగా ఎత్తాడు. 2003లో సహచరులతో కలిసి మానసిక ఆసుపత్రుల్లోని రోగులు, దీర్ఘకాలపు నొప్పులున్నవాళ్లు, మాజీ సైనికులు లాంటి వేర్వేరు వర్గాల ఫలితాల మీద ఈ స్కేలుని నడిపి చూశాడు. కోర్టు మొహం చూడనివాళ్లలో కూడా చాలామంది నటుల జాబితాలో పడ్డారు. సగటున ఆడవాళ్ల స్కోరు మగవాళ్లకన్నా ఎక్కువ వస్తోందన్న సంగతీ వివాదమైంది. మొదట 43కి 20 దగ్గర పెట్టిన గీతని (ఇది టీ-స్కోర్ కాదు, వాక్యాల లెక్క) లీస్-హేలీయే తర్వాత ఆడా మగా విడదీసి పెంచాల్సి వచ్చింది.

లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. నూరు మంది పరిహారం అడిగారనీ, వాళ్లలో పదిమందే దొంగలనీ అనుకుందాం. పరీక్ష ఆ పదిమందిలో తొమ్మండుగురిని పట్టింది, నిజాయతీపరులు తొంభైమందిలో నూటికి పదిమంది చొప్పున మాత్రమే పొరబడింది. వినడానికి భేషుగ్గానే ఉంది. కానీ ఆ పొరపాటుకి బలైనవాళ్లూ తొమ్మండుగురే. దొంగ ముద్ర పడ్డ పద్ధెనిమిది మందిలో సగం మంది నిజం చెప్పినవాళ్లన్నమాట. ఈ ప్రమాదం గురించి 1955లోనే రోజెన్‌తో కలిసి హెచ్చరిక రాసినవాడు ఎవరో కాదు, కె స్కేలు తయారుచేసిన మీలే.

ఇంత వాదన నడుస్తుండగానే 2007 జనవరిలో పరీక్షని ప్రచురించే యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా ప్రెస్, దాన్ని అమ్మే పియర్సన్ కంపెనీ కలిసి ఎఫ్‌బీఎస్‌ని ఎంఎంపీఐ-2 అధికారిక స్కోరింగులో చేర్చేశాయి. అంతదాకా ఎవరికి వాళ్లు విడిగా లెక్కేసుకునే అంకె, ఆ తర్వాత రిపోర్టులో అచ్చయి రావడం మొదలైంది. నన్నడిగితే 1991 కన్నా ఇదే పెద్ద మలుపు. ఒక నిపుణుడి అభిప్రాయాన్ని ఇంకో నిపుణుడు కాదనొచ్చు. పేరున్న పరీక్ష అచ్చేసిన అంకెని జ్యూరీ ముందు కాదనడం అంత తేలిక కాదు. పైగా ఆ అంకె పక్కనే ఫేక్ అన్న మాట.

ఆ ఏడే ఫ్లోరిడాలో ఇద్దరు జడ్జీలు విడివిడిగా విచారణ జరిపి, తమ కేసుల్లో ఈ స్కేలు ప్రస్తావనే రాకూడదన్నారు. 2008 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పెద్ద కథనం వేయడంతో సంగతి సైకాలజిస్టుల గోష్ఠులు దాటి బయటికొచ్చింది. ఈ స్కేలు ప్రకారం చూస్తే దాదాపు అందరూ నటులే అవుతారని బుచర్ అందులో వాపోయాడు.

సమర్థించేవాళ్లు తక్కువమందేమీ కాదు. మెదడు దెబ్బల ప్రభావాన్ని పరీక్షించే న్యూరోసైకాలజిస్టుల్లో చాలామంది దీన్ని వాడతారు. 2006లో అంతకుముందు జరిగిన అధ్యయనాల్ని గుదిగుచ్చిన ఒక విశ్లేషణ, అతిశయోక్తిని పట్టడంలో ఇది బాగానే పనిచేస్తోందని తేల్చింది. స్కోరు బాగా ఎక్కువగా, 43కి 28 దాటితేనే గట్టిగా అనుమానించాలనీ, ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదనీ వాళ్లు చెబుతారు. బెన్-పొరాత్ కూడా ఆ వైపే నిలిచాడు. మాట సబబుగానే ఉంది. కోర్టు గదిలో ఆ జాగ్రత్తలన్నీ చదివి వినిపించే తీరిక ఎవరికుంటుందన్నదే నా సందేహం.

గొడవయ్యాక పేరు మార్చారు. ఫేక్ బ్యాడ్ పోయి సింప్టమ్ వాలిడిటీ స్కేల్, అంటే చెప్పిన బాధలు నమ్మదగ్గవా అని చూసే కొలత, వచ్చింది. ఇంగ్లిషులో ఆ కొత్త పేరుకి పొట్టిరూపం ఎఫ్‌బీఎస్ అని ఏ లెక్కన చూసినా రాదు. అయినా మూడక్షరాలూ అలాగే ఉంచారు. 2008లో వచ్చిన 338 వాక్యాల కొత్త రూపంలో స్కేలు 30 వాక్యాలకి తగ్గి కొనసాగింది. 2020లో వచ్చిన 335 వాక్యాల ఎంఎంపీఐ-3లోనూ ఉంది, అవే మూడక్షరాలతో.