జాన్ మిచెల్: విప్లవకారుడి విగ్రహం మీద వివాదం ఎందుకు?

2020లో అమెరికాలో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య తర్వాత, బానిసత్వాన్ని సమర్థించినవాళ్ల విగ్రహాల మీద ఎన్నో దేశాల్లో నిరసనలు లేచాయి. ఆ సెగ ఉత్తర ఐర్లండ్‌లోని న్యూరీ పట్టణానికీ తగిలింది. అక్కడున్న జాన్ మిచెల్ విగ్రహాన్ని తీసేయాలని కొందరు డిమాండ్ చేశారు. బ్రిటిష్ పాలనను ఎదిరించి ద్వీపాంతర శిక్ష అనుభవించిన మనిషి మీద అంత కోపం ఎందుకు? దానికి జవాబు అమెరికా అంతర్యుద్ధంలో ఉంది.

1845లో ఐర్లండ్‌లో పేదల ప్రధాన ఆహారమైన బంగాళదుంప పంటకు తెగులు సోకింది. ఆ కరవులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. జనం ఆకలితో రాలిపోతున్నా తిండిగింజలు ఓడలకెక్కి ఇంగ్లండ్‌కు పోతూనే ఉన్నాయి. మిచెల్ దీనిమీద నిప్పులు కక్కుతూ పత్రిక నడిపాడు. 1848లో 14 ఏళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. ఆయన సహచరుడు థామస్ ఫ్రాన్సిస్ మార్‌కు మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరంగా మార్చారు. ఇద్దరూ శిక్ష అనుభవిస్తున్న టాస్మేనియా (ఆస్ట్రేలియా దగ్గరి దీవి) నుంచి తప్పించుకుని, 1852లో ఒకరు, 1853లో మరొకరు అమెరికా దారి పట్టారు.

న్యూయార్క్ చేరిన కొత్తలోనే మిచెల్ అసలు అభిప్రాయం బయటపడింది. బానిసల్ని ఉంచుకోవడం నేరం కాదని, అలబామాలో తనకూ బానిసలతో నిండిన తోట ఉంటే బాగుండునని రాశాడు. తర్వాత టెనెసీలోని నాక్స్‌విల్‌లో పత్రిక పెట్టి, ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతి మళ్లీ మొదలుపెట్టాలని వాదించాడు. ఆ కాలం అలాంటిదని ఆయన్ను వెనకేసుకొచ్చేవాళ్ల మాట నేను ఒప్పుకోలేను. అదే కాలంలో, అదే ఐర్లండ్‌లో జాతీయ నాయకుడు డేనియల్ ఓకానెల్ బానిసత్వాన్ని బహిరంగంగా ఖండించాడు, అమెరికాలోని ఐరిష్ వాళ్లను కూడా ఖండించమని కోరాడు. మిచెల్ ఆ మాట వినలేదు.

1861లో బానిసత్వాన్ని నిలుపుకోవాలనుకున్న దక్షిణాది రాష్ట్రాలకూ ఉత్తరాదికీ మధ్య అంతర్యుద్ధం మొదలయ్యేసరికి కరవు ఓడల్లో వచ్చినవాళ్లు ఎక్కువగా న్యూయార్క్, బోస్టన్ లాంటి ఉత్తరాది నగరాల్లో స్థిరపడ్డారు. అందుకే ఐర్లండ్‌లో పుట్టినవాళ్లలో దాదాపు లక్షన్నర మంది ఉత్తరాది సైన్యంలో ఉంటే, దక్షిణాది వైపు సుమారు 20 వేల మందే. చాలామందిని ఒక పక్షంలో నిలబెట్టింది సిద్ధాంతం కాదు, ఓడ దిగిన రేవు. బానిసలు విడుదలైతే తమ కూలిపని పోతుందన్న భయం ఉత్తరాది ఐరిష్ వాళ్లలోనూ బలంగా ఉండేది. 1863 జులైలో న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా జరిగిన అల్లర్లలో నల్లవాళ్లను చంపినవారిలో ఐరిష్ వలసదారులు చాలామందే ఉన్నారు.

మార్ ఉత్తరాది కోసం ఐరిష్ వాళ్లతో ఐరిష్ బ్రిగేడ్ అనే సైనిక దళాన్ని తయారుచేశాడు. 1862 డిసెంబర్ 13న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆ బ్రిగేడ్ సుమారు 1,200 మందితో కొండ మీదికి దూసుకెళ్లి, 500 మందికి పైగా చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతైనవారితో వెనక్కి వచ్చింది. ఎదురుగా రాతిగోడ వెనక నుంచి కాల్పులు జరిపిన దక్షిణాది సైన్యపు జార్జియా దళాల్లోనూ ఐరిష్ వాళ్లున్నారు. అప్పటికి మిచెల్ అక్కడికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో వాళ్ల పక్షాన రాస్తున్నాడు. ఆయన ముగ్గురు కొడుకులూ దక్షిణాది సైన్యంలోనే ఉన్నారు.

చిన్నవాడు విల్లీ 1863 జులై 3న గెటిస్‌బర్గ్ యుద్ధంలో, దక్షిణాది సేనాని పికెట్ పేరుతో పిలిచే దాడిలో చనిపోయాడు. వయసు 19. ఆ దాడిని ఒక రాతిగోడ దగ్గర అడ్డుకున్న ఉత్తరాది దళాల్లో 69వ పెన్సిల్వేనియా ఒకటి. అది ఫిలడెల్ఫియా ఐరిష్ వలసదారుల రెజిమెంట్. పెద్దవాడు జాన్ 1864 జులైలో దక్షిణాది చేతిలో ఉన్న సమ్టర్ కోటకు కమాండర్‌గా ఉంటూ ఫిరంగి దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. జేమ్స్ ఒక చెయ్యి పోగొట్టుకుని బతికాడు.

యుద్ధం ముగిశాక మిచెల్‌ను ఉత్తరాది ప్రభుత్వం కొన్ని నెలలు జైల్లో పెట్టింది. 1875లో ఐర్లండ్‌లోని టిపరేరీ ఓటర్లు ఆయన్ను బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నుకున్నారు, శిక్షపడిన నేరస్థుడని ఆ ఎన్నిక చెల్లదన్నారు. మళ్లీ గెలిపించారు. ఆ మార్చిలోనే న్యూరీలో చనిపోయాడు. జేమ్స్ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లోనే స్థిరపడ్డాడు. ఆయన కొడుకు జాన్ పర్రాయ్ మిచెల్ 1914లో ఆ నగరానికి మేయర్ అయ్యాడు.