అపోహలు – వాస్తవాలు: వాల్యూమ్ పాట్ మారిస్తే సౌండ్ బాగుపడుతుందా?

"ఈ యాంప్‌లో వాల్యూమ్ పాట్ పీకేసి మంచిది వేయండి, సౌండ్ విచ్చుకుంటుందట." రిపేర్ బెంచీ మీదికి యాంప్లిఫయర్‌తో పాటు ఈ మాట కూడా వస్తూనే ఉంటుంది. పాట్ అంటే వాల్యూమ్ నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్, లోపల ట్రాక్ అనే పట్టీ మీద ఓ కాంటాక్ట్ జరుగుతుంటుంది. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో చెప్పారంటారు!

అపోహ: ఖరీదైన పాట్ వేస్తే సౌండ్ క్వాలిటీ పెరుగుతుంది.

వాస్తవం: ఉన్న పాట్ సరిగ్గా పనిచేస్తుంటే, దాని బదులు ఎంత ఖరీదైనది పెట్టినా చెవికి తెలిసే తేడా దాదాపు ఉండదు. సిగ్నల్‌ని తగ్గించడమే దాని పని. తేడా నిజంగా తెలిసేది బాగా సన్నగా పెట్టుకుని వినేటప్పుడు. మామూలు కార్బన్ పాట్‌లో నాబ్ బాగా తగ్గించి ఉన్నప్పుడు ఎడమ, కుడి ట్రాకుల మధ్య 2, 3 డెసిబెల్స్ తేడా రావడం మామూలే. గాయని గొంతు మధ్యలోంచి ఓ పక్కకి జరిగిపోతుంది. రాత్రిళ్లు వినేవాళ్లకి ఇది నిజమైన బాధే. దీనికి 1 శాతం తేడాకి మించని రెసిస్టర్లతో కట్టిన స్టెప్డ్ అటెన్యుయేటర్ (మెట్లు మెట్లుగా సౌండ్ తగ్గించే స్విచ్) వేయించుకుంటే నేనేమీ కాదనను.

మరి మార్పించుకుని "అద్భుతం" అనేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. పాతది అరిగిపోయి ఉండొచ్చు. లేదా నాబ్ అదే గీత మీద ఉన్నా కొత్తదాంట్లో లెవెల్ కాస్త ఎక్కువ వస్తుండొచ్చు. ఒక్క డెసిబెల్ పెరిగితే సౌండ్ పెరిగిందని అనిపించదు, క్లారిటీ పెరిగిందనిపిస్తుంది. ఒకాయన దగ్గర ఒకే మోడల్ యాంప్‌లు రెండున్నాయి. ఒకదానికి పాట్ మార్పించి, బాస్ ఎంత పెరిగిందో వినమని రెండూ తెచ్చారు. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్‌తో రెండిటి లెవెలూ సమానం చేసి, ఆయనకి కనపడకుండా మార్చి మార్చి వినిపించాను. చాలాసేపు కళ్లు మూసుకుని విని, "ఇప్పుడు మోగేది ఏదండీ?" అని నన్నే అడిగారు.

అపోహ: నాబ్ తిప్పితే గరగరమంటోంది, యాంప్ పోయినట్టే.

వాస్తవం: కంగారు పడకండి. చాలాసార్లు అది దుమ్ము, తుప్పు. పవర్ తీసేసి, ట్రాక్ మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ని ఈ చివర్నుంచి ఆ చివరికి ఓ ఇరవై ముప్ఫై సార్లు తిప్పితే పోతుంది. జనం డబ్బు తగలేసేది ఆ తర్వాతే. క్లీన్ చేసిన వారానికే గరగర మళ్లీ వస్తే పాట్ కొనకండి, ముందు మీటర్ పట్టండి. యాంప్ ఆన్ చేసి, పాట ఏదీ మోగకుండా, పాట్ కాళ్ల దగ్గర డీసీ వోల్టేజీ చూడాలి. సున్నాకి దగ్గరగా లేకపోతే కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాట సిగ్నల్‌ని మాత్రమే పంపేది) లీకవుతోందని అనుమానించాలి. దాన్ని వదిలేసి పాట్‌లు మారుస్తూ పోతే కొత్తదీ గరగరలాడుతుంది, ఆపైది కూడా. పాట్ పీకినప్పుడల్లా బోర్డు మీద రాగి ట్రాకులు లేచిపోయే ప్రమాదం అదనం. వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్ అయితే లోపల వోల్టేజీలు ప్రాణాంతకం, తెలిసినవాళ్లకే వదిలేయండి.

మిగతావి గబగబా. ఇప్పటి హోమ్ థియేటర్ (AV) రిసీవర్లలో నాబ్ వెనక ఉండేది సాధారణంగా ఎన్‌కోడరే (నాబ్ ఎంత తిరిగిందో చిప్పుకి చెప్పేది), సౌండ్ తగ్గించేది చిప్పు. అక్కడ "ఆడియో గ్రేడ్" పాట్ ఊసే అనవసరం. లాగ్ పాట్ (మొదట్లో నెమ్మదిగా పెంచేది) బదులు లీనియర్ పాట్ (తిప్పిన కొద్దీ సమానంగా పెంచేది) వేస్తే నాబ్ కొంచెం కదిపితేనే హోరెత్తుతుంది. పవర్ పెరిగిందనుకుంటారు, పెరగలేదు. తక్కువ వాల్యూమ్‌లో బాస్ వినపడకపోవడం పాట్ లోపం కాదు, మన చెవి తీరే అంత. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. ఆ లోటు పూడ్చడానికే పాత యాంప్‌లలో లౌడ్‌నెస్ బటన్ ఉంటుంది. కాబట్టి విప్పేముందు పాట్‌లో ఒక్కో చానెల్‌కీ నాలుగో కాలు (లౌడ్‌నెస్ బటన్ కోసం ఉండేది) ఉందేమో చూడండి. దాని స్థానంలో మూడు కాళ్లది బిగిస్తే ఆ బటన్ ఇక అలంకారానికే.