వెలుతురుకి పెరిగే పాచి వెలుతురుకే ఎలా చస్తుంది?

శ్రీకాకుళం

చిరంజీవులు చిన్నీకీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, నువ్వు ఫోన్లో అడిగింది ఇంకా నా బుర్రలోనే తిరుగుతోంది. "ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టబట్టే చేపల ట్యాంకు పచ్చబడిందన్నారు. షాపాయనేమో యూవీ లైటు పెట్టమంటున్నాడు. వెలుతురుకి పెరిగేది వెలుతురుకే ఎలా చస్తుంది?" భలే పట్టుకున్నావే!

వెలుతుర్లన్నీ ఒకటి కావమ్మా. పాచిని పెంచేది మన కంటికి కనిపించే వెలుతురు. ఆ యూవీ దీపంలో పని చేసేది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, అల పొడవు 254 నానోమీటర్ల దగ్గరిది. అది పాచి కణంలోకి దూరి డీఎన్‌ఏను పాడు చేస్తుంది. ఇక ఆ కణం రెండుగా చీలలేదు. ఇంతకన్నా లోతుకి వెళ్లను, మీ సైన్సు మాస్టారున్నారు.

ఆమదాలవలసలో మన శ్రీకాకుళం రోడ్ స్టేషను గేటు దగ్గర టీసీని చూశారు కదా. ఈ దీపం అచ్చం ఆయనే. పంపు తోసిన నీళ్లు గొట్టంలో దీపం పక్కనుంచి పోతాయి, వాటితో కొట్టుకొచ్చిన పచ్చదనం దొరికిపోతుంది. ప్లాట్‌ఫారం మీద దుప్పటి ముసుగేసి పడుకున్నవాడి జోలికి టీసీ వెళ్లడు. అద్దానికీ రాళ్లకీ అంటుకున్న పాచీ అంతే, చేత్తో గీకాల్సిందే. ఫిల్టరు స్పంజిలో కాపురముండే మంచి బాక్టీరియా కూడా అలాగే బతికిపోతుంది. రైలు దిగిన జనం ఒక్కసారిగా తోసుకొస్తే ఆయన ఎంతమందినని చూస్తాడు? అందుకే నీళ్లు నెమ్మదిగా పోవాలి. కళ్లద్దాలకి మురికి పడితే? దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికి పొర కడుతుంది, తుడుస్తుండాలి. వయసైపోతే? దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది, సత్తువ మాత్రం ఉండదు. రాత్రింబవళ్లు వాడితే సుమారు ఏడాదికి మార్చాలి. టీసీ జరిమానా రాసి వదిలేస్తాడు, ఇది వంశమే లేకుండా చేస్తుంది. పోలిక అక్కడ కాస్త కుంటుతుంది, సర్దుకోండి. "ఆ టీసీని ఇంక వదిలెయ్యండి, పాపం" అంటోంది మీ నానమ్మ.

సరే, అసలు అంత పాచి ఎందుకొచ్చింది? మా ఊళ్లో రెండు చెరువులుండేవి. గేదెలు దిగేదొకటి, మంచినీళ్లదొకటి. ఎండాకాలం సాయంత్రాలు గేదె వీపెక్కి మొదటిదాంట్లో దిగేవాళ్లం. బయటికొచ్చేసరికి మోకాళ్ల దాకా పచ్చటి గీత, నీచు వాసన. మా అమ్మ గడపలోనే ఆపేసి కొబ్బరిపీచుతో చర్మం లేచిపోయేలా తోమేది. మంచినీళ్ల చెరువులో మాత్రం కాళ్లు కూడా కడగనిచ్చేవారు కాదు, మెట్ల దగ్గర అడుగు కనిపించేది. ఎండ రెండిటి మీదా ఒకటే. గేదెల పేడే తేడా, పాచికి అది ఎరువు.

మీ ట్యాంకులో ఆ ఎరువు వేస్తున్నది బుజ్జిగాడే. ఒరే, చేప నోరు తెరిచిందల్లా ఆకలికి కాదురా. నీకు వెయ్యాలని ఉంది, అంతే. రెండు నిమిషాల్లో తినేసేంత వెయ్యి, చాలు. ట్యాంకు లైటు రోజుకి ఏడెనిమిది గంటలు దాటనివ్వకండి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. ఇవి చెయ్యకుండా దీపం ఒక్కటే పెడితే, చచ్చిన పాచి కుళ్లి మళ్లీ ఎరువే అవుతుంది.

అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. వాటిలో ఈ 254 రకం ఉండదు. సూర్యుడు పంపుతూనే ఉంటాడు, పైన గాలిలోని ఓజోను దారిలోనే ఆపేస్తుంది. ఆపకపోతే చెరువూ లేదు, చేపా లేదు, మనమూ లేము. ఆకాశం కిందికి రానివ్వని దాన్ని మనుషులు జానెడు గొట్టంలో పుట్టించి చేపల ట్యాంకు వెనక తగిలించారు! నాకైతే ఆ ఆశ్చర్యం ఇంకా తీరలేదు. అందుకే ఆ దీపాన్ని బయటికి తీసి వెలిగించి చూడకూడదు, కళ్లు దెబ్బతింటాయి. ప్లగ్గు పీకాకే, అదీ మీ నాన్నే విప్పాలి.

షాపుకి వెళ్లేముందు తెల్ల పింగాణీ కప్పుతో ట్యాంకు నీళ్లు ముంచి చూడండి. కప్పులో నీళ్లే పచ్చగా ఉంటే దీపం కొనమని మీ నాన్నకి నేను చెప్తాను. నీళ్లు తేటగా ఉండి అద్దమే పచ్చగా ఉంటే మాత్రం డబ్బు దండగ. పాత ఏటీఎం కార్డొకటి అడిగి తీసుకుని గీకండి.

మీ తాతయ్య