1959 కాడిలాక్ కన్వర్టిబుల్: అపోహలు - వాస్తవాలు

ఈ కారు కొనేవాళ్లు ముందుగా చూసేది వెనక రెక్కలనీ క్రోమ్‌నీ. అవి మళ్లీ మెరిపించుకోవచ్చు. జేబు ఖాళీ చేసేవి తలుపుల కింద, వెనక సీటు చాటున ఉంటాయి.

అపోహ: ఆ ఏడాది ఓపెన్ టాప్ కాడిలాక్ ఏదైనా ఖరీదైన ఎల్డొరాడో మోడలే.
వాస్తవం: మామూలు మోడలైన సిరీస్ 62 కన్వర్టిబుళ్లు 11,130 తయారైతే, ఎల్డొరాడోలో ఓపెన్ టాప్ రకమైన బియారిట్జ్‌లు 1,320 మాత్రమే. రెంటిలోనూ 390 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజినే. సిరీస్ 62లో దాని శక్తి 325 హార్స్‌పవర్; బియారిట్జ్‌లో మూడు కార్బురేటర్లతో 345. మూడు కార్బురేటర్లు ఉన్నంత మాత్రాన బియారిట్జ్ అని నమ్మేయకండి, వాటిని మామూలు కారుకీ అడిగి పెట్టించుకునే వీలుండేది. బానెట్ ఎత్తి బాడీ ప్లేటు మీద స్టైల్ నంబరు చదవండి: 6267 అయితే సిరీస్ 62, 6467 అయితే బియారిట్జ్.

అపోహ: రెక్కలు వేగంలో కారును నిలకడగా ఉంచుతాయి.
వాస్తవం: అవి అందం కోసమే. పీ-38 యుద్ధవిమానం తోక స్ఫూర్తితో 1948లో చిన్నగా మొదలై, 1959లో అంత ఎత్తుకు చేరాయి. 1960లోనే తగ్గించేశారు.

అపోహ: చాసిస్ గట్టిగా ఉంటే చాలు, మిగతా తుప్పుకి ప్యాచ్ వేసుకోవచ్చు.
వాస్తవం: ఈ చాసిస్ ఎక్స్ ఆకారంలో ఉంటుంది, పక్కల పొడుగాటి ఇనప దూలాలు లేవు. పైకప్పు లేని బాడీ నడుము కుంగకుండా ఆపేది తలుపుల కింద పొడుగునా ఉండే ఇనప రేకు అంచులు, అంటే రాకర్లే. కారు నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడు తలుపు వెనక అంచు సందు పైనా కిందా కొలవండి. వెనక వైపు జాకీ ఎత్తాక మళ్లీ కొలవండి. సందు మారినా, తలుపు పట్టేసినా లోపలి రాకర్ పోయినట్టే. దాన్ని కోసే ముందు సందులు సరిచేసి, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప పైపులు వెల్డింగ్ చేయాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండూ ఒకేసారి కోస్తే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపులు ఎన్నటికీ సరిగా పడవు.

అపోహ: టాప్ (మడిచే పైకప్పు) కదలకపోతే మోటారు కాలిపోయినట్టే.
వాస్తవం: మోటారు పంపును తిప్పితే, ఆయిల్ ఒత్తిడితో రెండు పక్కల సిలిండర్లు టాప్‌ని లేపుతాయి. ముందు చెవి పెట్టి వినండి. మోటారు తిరుగుతున్నా టాప్ లేవకపోతే ఆయిల్ తగ్గింది, లేదా గాలి చేరింది. ఒక పక్క వెనకబడితే ఆ పక్క సిలిండర్, లేదంటే వంగిన కడ్డీ. అసలు చప్పుడే లేకపోతే స్విచ్, సర్క్యూట్ బ్రేకర్, ఎర్త్ వైరు చూశాకే మోటారు విప్పండి.

పంపు వెనక సీటు ఆనుడు వెనకాల ఉంటుంది. టాప్ పైకి లేపి ఉంచి ఫిల్లర్ బిరడా తీయండి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచుకు పావు అంగుళం లోపు ఉండాలి. పోశాక నాలుగైదుసార్లు దించి లేపితే గాలి పోతుంది, మళ్లీ మట్టం చూడండి.

ఏ ఆయిల్ అన్నదగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఫ్యాక్టరీ పోసింది బ్రేక్ ఆయిల్. ఆ పాత సీళ్ల మీద ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే రబ్బరు ఉబ్బి లీకవుతుంది. బ్రేక్ ఆయిల్ కారితే పెయింటు తినేస్తుంది కాబట్టి మార్చాలనుకోవడం సబబే. అయితే పంపు, హోస్‌లు, రెండు సిలిండర్లు అన్నీ కొత్తవి వేసి మార్చండి. సగం సగం వద్దు.

దించే ముందు ప్లాస్టిక్ వెనక కిటికీ జిప్పు తెరవండి, లేకపోతే మడతపడి చిట్లుతుంది. తడి టాప్ ఎప్పుడూ మడవకండి, బూజు పడుతుంది.

అపోహ: సీసం లేని పెట్రోలు ఇంజిన్‌ని చంపేస్తుంది.
వాస్తవం: సీసం వాల్వ్ సీట్లను అరగకుండా కాపాడేది, నిజమే; కానీ అప్పుడప్పుడూ నెమ్మదిగా తిప్పే కారుకు ఆ భయం తక్కువ. హెడ్ ఎప్పుడు విప్పినా గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయించండి. అసలు చిక్కు పెట్రోల్లో కలిపే ఇథనాల్‌ది: పాత హోస్‌లనీ, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌నీ పాడుచేస్తుంది. కంప్రెషన్ 10.5:1 కాబట్టి ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలే పోయాలి.

అపోహ: పవర్ బ్రేకులున్నాయి కదా, భయం లేదు.
వాస్తవం: నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, మాస్టర్ సిలిండర్‌లో ఒకటే సర్క్యూట్, అంటే నాలుగింటికీ ఆయిల్ దారి ఒక్కటే. ఒక్క హోస్ పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, రెండు టన్నుల కారుకు హ్యాండ్ బ్రేకే దిక్కు. రబ్బరు హోస్‌లు బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఉండొచ్చు. ఎప్పుడు మార్చారో తెలియని కారైతే, రోడ్డెక్కే ముందే అన్నీ కొత్తవి వేయండి.