గుర్రానికి కడుపునొప్పి వస్తే

చిట్టితల్లీ, బుడ్డోడా,

మీ ఉత్తరం నిన్న అందింది. స్వారీ నేర్చుకునేచోట గుర్రం ఒకటి కిందపడి పొర్లుతుంటే, గుర్రాలు చూసుకునే ఆయన కేకలేస్తూ పరిగెత్తుకొచ్చి, దాన్ని లేపి అటూ ఇటూ నడిపించాడని రాశావు. కింద గీత గీసి మరీ అడిగావు: "నాకు కడుపునొప్పి వస్తే అమ్మ పడుకోమంటుంది. గుర్రాన్ని పడుకోనివ్వరేం తాతయ్యా? అయినా దానికి కడుపునొప్పని ఆయనకెవరు చెప్పారు?"

తమ్ముడు ఆ పక్కనే వంకర అక్షరాలతో "గుర్రానికి వాంతి అవుతుందా?" అని గిలికాడు. వాణ్ణి చూసి నవ్వి ఉంటావు. నవ్వకు. గుట్టంతా వాడి ప్రశ్నలోనే ఉంది.

అవదురా బుడ్డోడా. గొంతు దిగి కడుపులోకి వెళ్లేచోట గుర్రానికి బలమైన కండరం ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్లేదానికి తలుపు తీస్తుంది, వెనక్కి వచ్చేదానికి తీయదు. నువ్వు తినకూడనిదేదో తింటే కక్కేసి, నోరు పుక్కిలించి, గంటలో మళ్లీ ఆటకి పోతావు. గుర్రానికి ఆ సుఖం లేదు. మింగిందేదైనా ముందుకే పోవాలి. ఆ దారేమన్నా చిన్నదా అంటే, పేగులన్నీ చాపితే 30 మీటర్ల దాకా ఉంటాయి. ఒకచోట బానంత వెడల్పు, ఆ వెంటనే ఇరుకైన మలుపు. అలాంటి మలుపు దగ్గర మేత అడ్డం పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మీరు తిరగలి చూశారా? చూడకపోతే అమ్మమ్మనడగండి. నా చిన్నప్పుడు తెల్లారకముందే మా అమ్మ తిరగలి ముందు కూర్చునేది. ఆ రాతి చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో గుప్పెడు గుప్పెడుగా గింజలు పోసేది. నాకు పోయాలని సరదా. ఓసారి చేటెడు గింజలు ఒక్కసారే కుమ్మరించాను. రాయి బిగుసుకుంది, సగం గింజలు నలగకుండానే పక్కకి జారిపోయాయి, నా వీపు మీద ఒకటి పడింది. "దానికి నోరు చిన్నది, రోజంతా తిరుగుతుంది. గుప్పెడే పొయ్యాలి" అంది అమ్మ.

గుర్రం అచ్చం ఆ తిరగలే. 450 కిలోల మనిషి, సారీ, 450 కిలోల జంతువు, కడుపు మాత్రం పది పన్నెండు లీటర్లు పట్టే సంచి. అందుకే ఆరుబయట వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. గుప్పెడు, ఇంకో గుప్పెడు. ఆవు కూడా గడ్డే తింటుంది కదా అనకండి. ఆవు ముందు మింగేసి తర్వాత తీరిగ్గా నెమరేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, మొదటిసారి నమిలిందే నమలడం. ఇంకో చిత్రం, నమిలితేనే దానికి లాలాజలం ఊరుతుంది. మనలాగా వాసన చూసి నోరూరడం లేదు. కిలో ఎండుగడ్డి నమలడానికి దానికి 40 నిమిషాలు పడితే, కిలో గింజలు పది నిమిషాల్లో అయిపోతాయి. అంటే గింజలతో లాలాజలమూ తక్కువే, పనీ తక్కువే. తిరగలి తొందరగా ఖాళీ అయి ఊరికే తిరుగుతుంది, లోపలి పులుపు కడుపుగోడల్ని తినడం మొదలుపెడుతుంది. గుర్రానికి అసలు భోజనం గడ్డి. ఆ సైజు దానికి రోజుకి ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి. దాణా దాని పనినిబట్టి పెట్టేదే, అదీ కొంచెం కొంచెంగా.

ఈ పోలిక నాకు భలే నచ్చింది, ఇంకాస్త లాగుతాను. తిరగలికి రాళ్లు ఎలాగో గుర్రానికి దవడపళ్లు అలాగ. అవి అరుగుతూనే ఉంటాయి, అరిగినంత మేర ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి. తిరగలి రాయి నున్నబడితే గంట్లు కొట్టించేవాళ్లం. గుర్రం పన్ను నున్నబడదు, అంచులు కత్తుల్లా తేలి బుగ్గని, నాలుకని కోస్తాయి. అక్కడ గంట్లు కొట్టకూడదు, ఆకురాయితో రాయాలి. (ఇక్కడ నా పోలిక తిరగబడింది, సరే పోనీండి.) ఏడాదికోసారైనా డాక్టరు దాని నోట్లో చెయ్యి పెట్టి చూడాలి. గడ్డి సగం నమిలి ఉండలు ఉండలుగా కింద వదిలేస్తోందంటే రాళ్లు చెడ్డాయన్నమాట.

ఇప్పుడు నా దొంగతనం చెబుతాను. మా మామయ్యకి గుర్రబ్బండి ఉండేది. ఆడగుర్రం, నుదుటిమీద తెల్లమచ్చ, పేరు చుక్క. మామయ్య దాణా కొలిచి కొలిచి పెడుతుంటే నాకు ఒళ్లు మండేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా, ఈ కళ్లున్న గుర్రానికి ఇంత పిసినారితనమా అని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒక సాయంత్రం మామయ్య బయటికి వెళ్లగానే దాణా డబ్బా మూత తీసి చుక్క ముందు పెట్టాను. అది తల ఎత్తకుండా తింటుంటే నాకెంత పుణ్యం చేసినట్టుందో.

రాత్రికి చుక్క ముందుకాలితో నేల గీరడం మొదలుపెట్టింది. మెడ తిప్పి తన డొక్కవైపు చూసుకుంటుంది, మళ్లీ గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. మెడమీద చెమట. మామయ్య లాంతరు ఎత్తి నన్ను అడిగాడు: "ఎంత పెట్టావురా?" "కొంచెం" అన్నాను. డాక్టరు వచ్చి అదే అడిగాడు. "కొంచెం" అన్నాను మళ్లీ. అప్పుడు మామయ్య వెళ్లి డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు. ఒక్క గింజ రాలలేదు. నేను ఏడ్చేశాను. పిల్లలూ, డాక్టరు ముందు మాత్రం ఎప్పుడూ అబద్ధం ఆడకండి. నా "కొంచెం" వల్ల చుక్క ఇంకో అరగంట బాధపడింది.

డాక్టరు పొడుగాటి గొట్టం ఒకటి తీసి, చుక్క ముక్కులోంచి మెల్లమెల్లగా తోస్తూ కడుపుదాకా దింపాడు. వాంతి చేసుకోలేనిదానికి మనుషులు వెతికిపెట్టిన దొడ్డిదారి అది. గొట్టంలోంచి పుల్లటి కంపుతో గింజలూ నీళ్లూ బక్కెట్లోకి వచ్చాయి. లాంతరు పట్టుకుంది నేనే. ఇప్పటికీ ఆ కంపు నా ముక్కులో ఉంది.

అక్కడితో అయిపోలేదు. డాక్టరు వెళుతూ వెళుతూ "మూడ్రోజులు డెక్కలు చూసుకో" అన్నాడు. తిన్నది కడుపులోకి, మధ్యలో డెక్కలేమిటి? నాకు అదే ఆశ్చర్యం. గింజలు అతిగా తిన్న గుర్రానికి పేగుల్లో పుట్టిన విషం రక్తంలో కలిసి, డెక్క లోపలి పొరలు వాచిపోతాయట. లామినైటిస్ అంటారు. ముదిరితే ఆ గుర్రం అడుగు వేయలేదు. మామయ్య నన్ను కొట్టలేదు. పొద్దునా సాయంత్రమూ నాలుగు డెక్కలమీదా చెయ్యి పెట్టి వేడిగా ఉందో చల్లగా ఉందో చెప్పే పని నాకే అప్పగించాడు. చల్లగానే ఉన్నాయి. ఆ మూడ్రోజులు నేను సరిగ్గా అన్నం తినలేదు.

ఇక, ఎవరు చెప్పారన్న నీ ప్రశ్న. తల్లీ, గుర్రం బాధ దాచుకునే జంతువు. అడవిలో కుంటినడక బయటపెట్టినదాన్ని పులి ముందు పట్టుకుంటుంది, అందుకని వంశపారంపర్యంగా వచ్చిన గుణం. అందుకే చూసుకునేవాడికి దాని మామూలు రోజు కంఠతా వచ్చి ఉండాలి. మా మామయ్య తెల్లారి లేచి ముందు చుక్క ముఖం చూసేవాడు కాదు, వెనక్కి వెళ్లి లద్దె చూసేవాడు. ముఖం కడుక్కోకుండా లద్దెకి కుశలప్రశ్నలేమిటని నేను నవ్వేవాణ్ణి. ఎన్ని కుప్పలున్నాయి, ఉండలు గట్టిపడ్డాయా, జారిపోయాయా. ఒక ఉండని చెప్పుతో చిదిమి లోపల నలగని గింజలున్నాయేమో చూసేవాడు. గుర్రం రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు లద్దె వేస్తుంది. రాత్రంతా గడిచినా ఒక్క కుప్పే ఉందంటే ఆ రోజు బండి కట్టేవాడు కాదు.

తర్వాత నీళ్లతొట్టి. దాని లోపలి గోడకి బొగ్గుతో గీతలు గీసి ఉండేవి. రాత్రి ఏ గీతదాకా ఉన్నాయి, పొద్దున ఏ గీతకి దిగాయి. గుర్రం రోజుకి 25 నుంచి 45 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. చలి రోజుల్లో నీళ్లు చల్లగా ఉన్నాయని తాగడం తగ్గిస్తుంది, అప్పుడే పేగుల్లో ఎండుగడ్డి ఉండకట్టేది.

చివరికి కాళ్లు. డెక్క ఎత్తి మడమవైపునుంచి ముందుకు గీకుతూ మట్టి తీయాలి. మధ్యలో ముక్కోణంలా మెత్తటి భాగం ఉంటుంది, దానికి గుచ్చుకోకూడదు. మామయ్య ప్రతి డెక్కనీ వాసన చూసేవాడు. కుళ్లు వాసన వస్తే నిలబడే నేల తడిగా ఉందని అర్థం. డెక్క మన గోరులాంటిదే, నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి, లాడాలుంటే ఊడదీసి మళ్లీ కొట్టించాలి. మోకాలి కింద గుర్రానికి కండ అంటూ లేదు, అన్నీ ఎముకలూ, కండని ఎముకకి కట్టే తాళ్లలాంటి స్నాయువులూ. మరి పాదాల్లో రక్తం పైకెలా ఎక్కుతుంది? అడుగు వేసినప్పుడల్లా డెక్క కొంచెం విచ్చుకుని, లోపలి మెత్తటి దిండు నొక్కుకుని రక్తాన్ని పైకి తోస్తుంది. కట్టేసి ఉంచిన గుర్రానికి కాళ్లు నీరుపట్టేది అందుకే. రోజూ నడవాలి. దీనికి తిరగలి పోలిక ఎంత వెతికినా కుదరలేదు.

కడుపులో పురుగులకి మందు, ధనుర్వాతం టీకా డాక్టరు చూసుకుంటాడు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ధనుర్వాతం మనుషులకన్నా గుర్రాలకి తొందరగా అంటుకుంటుంది. చిన్న మేకు గుచ్చుకున్నా "ఏం కాదులే" అనకూడదు.

మరి పడుకోనివ్వరా? ఎందుకివ్వరు! నిలబడే కునుకు తీసినా, గాఢనిద్రకి గుర్రం పడుకోవాల్సిందే. జీను తీసేశాక సరదాగా పొర్లుతుంది కూడా. ఆ సరదా పొర్లుడైతే లేచి ఒళ్లు దులుపుకుంటుంది, దుమ్ము గాల్లోకి లేస్తుంది. నొప్పితో పొర్లినది దులుపుకోదు, లేచి మళ్లీ డొక్క చూసుకుంటుంది, మళ్లీ పడుకుంటుంది. నువ్వు చూసిన ఆయన ఆ తేడా కనిపెట్టాడు. నొప్పి ఉన్నా నెమ్మదిగా పడుకునే ఉంటే లేపనక్కర్లేదు. పొర్లితేనే గోడకి కొట్టుకుని గాయపడుతుంది, పక్కనున్న మనిషి కాళ్లకింద పడతాడు. అందుకని కాసేపు నడిపిస్తారు, అలిసిపోయేదాకా కాదు. ముందున్న మేత తీసేసి డాక్టరుకి కబురు పెడతారు. నడక మందు కాదు, డాక్టరు వచ్చేదాకా కాలక్షేపం.

ఈసారి వెళ్లినప్పుడు ఆయన్ని అడిగి, ఆయన పక్కనుండగానే ఒక పని చెయ్యండి. వెనకనుంచి వెళ్లకండి, సరిగ్గా తోకవెనక ఉన్నది దానికి కనపడదు. భుజం దగ్గరికి వెళ్లి, పేరుపెట్టి పిలిచి, చెయ్యి ఆనించండి. ఆయన దవడ ఎముక కింద నాడి ఎక్కడుందో చూపిస్తాడు. నీది నిమిషానికి 80 దగ్గర కొట్టుకుంటుంది. ఊరికే నిలబడ్డ గుర్రానిది 28కి, 44కి మధ్య. అంత పెద్ద గుండె, అంత తీరిక.

తర్వాత పక్కటెముకలు అయిపోయినచోట, డొక్కమీద చెవి ఆనించండి. ఎడమవైపు కొంతసేపు, కుడివైపు కొంతసేపు. లోపల గుడగుడలు, బుడగలు, ఏదో జరుగుతున్న అలికిడి. చప్పుడు ఉంటే మంచిదే, భయపడాల్సింది నిశ్శబ్దానికి. కుడివైపు డొక్క పైభాగంలో ఓపికపట్టండి. ఒకటి రెండు నిమిషాలకోసారి ఎక్కడో దూరంగా ఉరిమినట్టు, ఆ వెంటే పెద్ద గొట్టంలోకి నీళ్లు జారినట్టు చప్పుడొకటి వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడి వెనక్కి దూకాను, మామయ్య పడీపడీ నవ్వాడు. అది ఏ పేగుదో, ఎలా పుడుతుందో ఇప్పుడు చెప్పను.

అయిదు నిమిషాల్లో ఎన్నిసార్లు ఉరిమిందో లెక్కపెట్టి రాయండి. తమ్ముడి చెవి అందకపోతే ఆయన్ని ఎత్తుకోమను.

మీ తాతయ్య