నక్షత్రాల దారిలో ఒక మతగురువు

చిరంజీవులకు ఆశీస్సులు.

రోదసి నౌకలూ రోబోలూ తిరిగే కథల్లో మతగురువులకేం పని అని మీరు అడిగారు. కొన్ని మంచి కథల్లో అసలు పనంతా వారిదే.

ముందు నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2007 అక్టోబరులో, రంజాన్ మాసంలో, మలేసియాకు చెందిన షేక్ ముజఫర్ షుకోర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. అది సుమారు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది కనుక అక్కడ రోజుకు 16 సార్లు సూర్యుడు ఉదయిస్తాడు. మరి ఐదు పూటల నమాజు ఏ ఉదయాన్ని బట్టి చేయాలి? అక్కడి నుంచి చూస్తే క్షణక్షణానికీ జరిగిపోయే, మక్కాలోని కాబా వైపు ఎలా తిరగాలి? ఆ దేశపు మతపండితులు కూర్చుని ఆలోచించి, నౌక బయలుదేరిన చోటి వేళలు పాటించమనీ, కాబా వైపు తిరగడం వీలుకాకపోతే భూమి వైపు, అదీ కాకపోతే ఎటు వీలైతే అటు తిరగమనీ తేల్చారు. వేళా, దిక్కూ మనకు నేల ఇచ్చినవే. నేలను వదిలాక నమ్మకంలో ఏం మిగులుతుందన్నదే రచయితలు పట్టుకునే కొస.

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1955లో ప్రచురించిన ‘ది స్టార్’ అనే కథ ఇందుకు మంచి ఉదాహరణ. (ముగింపు చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి.) అందులో ఖగోళ శాస్త్రజ్ఞుడైన ఒక జెస్యూట్ (క్యాథలిక్ క్రైస్తవ సంఘం ఒకదానికి చెందిన) గురువు, పేలిపోయిన ఒక నక్షత్రం శిథిలాల దగ్గరికి వెళతాడు. తమ సూర్యుడు పేలబోతున్నాడని ముందే తెలిసిన ఒక జాతి, అన్నిటికన్నా దూరాన ఉన్న గ్రహం మీద తమ జ్ఞాపకాలన్నీ దాచి మరీ నశించిందని అక్కడ తెలుస్తుంది. ఆ జ్ఞాపకాల్లో నీలి ఇసుక తీరాన అలలతో ఆడుకుంటున్న పిల్లల దృశ్యం కూడా ఉంటుంది. పేలుడు ఎప్పుడు జరిగిందో, దాని వెలుగు భూమిని ఎప్పుడు చేరిందో గురువు లెక్కకట్టి చూస్తే, అది ఏసు పుట్టినప్పుడు బెత్లెహేము మీద వెలిగిన తారే అని తేలుతుంది. ఆ లెక్కను ఆయన కాదనలేడు, గోడమీది శిలువ నుంచి చూపూ తిప్పుకోలేడు.

తన అంత్యక్రియల్లో ఏ మతకర్మా జరపవద్దని రాసిపెట్టిన మనిషి క్లార్క్. అయినా ఆ గురువును ఎక్కడా వెక్కిరించలేదు, ఆయన బాధను ఆయన మాటల్లోనే చెప్పనిచ్చాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

చిన్న కథే, ఒక్క విడతలో చదివేయొచ్చు. చదివాక ఆ నీలి ఇసుక మీది పిల్లల గురించి మీకేమనిపించిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య