గట్టు, అరుగు, గాడి: చిన్న చక్రానికి టైరు ఎక్కించడం

మిత్రులతో కలసి చిన్న గో-కార్ట్ బండిని సొంతంగా తయారు చేస్తున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఆటోరిక్షాలకు వాడే 4.00-8 కొలత (వెడల్పు 4 అంగుళాలు, రిమ్ము వ్యాసం 8 అంగుళాలు) టైర్లను వారు బజారులో కొన్నారు. రిమ్ములను మాత్రం ఇనుప రేకును గుండ్రంగా వంచి, రెండు వైపులా అంచులు వెల్డింగు చేసి, తామే తయారు చేసుకున్నారు. కొలతలన్నీ సరిగానే ఉన్నాయి, టైరు మాత్రం ఎక్కలేదు. "17 అంగుళాల మోటారు సైకిలు టైరును పంక్చరు షాపులో ఒక్క మనిషి ఎక్కించేస్తాడు. ఈ 8 అంగుళాల టైరు మా నలుగురికీ ఎందుకు లొంగడం లేదు సార్?" అన్నది అతని ప్రశ్న. ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

టైరును చూడగానే రబ్బరే కనిపిస్తుంది కనుక, కొంచెం బలం ఉపయోగిస్తే అది సాగి రిమ్ము మీదికి వస్తుందని మనం సహజంగానే అనుకుంటాము. కాని రిమ్మును పట్టుకొని కూర్చునే టైరు లోపలి అంచులలో, రబ్బరు కింద, గట్టి ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. పని తెలిసినవారు దానిని బీడ్ అంటారు. గాలి నింపినప్పుడు టైరు రిమ్ము మీది నుంచి ఊడి రాకుండా కాపాడేది ఈ తీగ సాగకపోవడమే. టైరును రిమ్ము మీద నిలిపి ఉంచే ఈ గుణమే, దానిని రిమ్ము మీదికి ఎక్కించేటప్పుడు మనకు అడ్డుపడుతుంది. సాగని ఒక వలయాన్ని దానికంటె పెద్దదైన మరొక వలయాన్ని దాటించి లోపలికి తీసుకుపోవాలి. సమస్య అంతా ఇదే.

మన పల్లెల్లో కమ్మరి, వడ్రంగి కలసి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు ఎదుర్కొన్నది ఇటువంటి సమస్యనే. పట్టాను చక్రం కంటె కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పటకార్లతో తెచ్చి కొయ్య చక్రం మీద పరచి, వెంటనే నీళ్లు పోసేవారు. ఇనుము ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి తన పొడవులో సుమారు పది లక్షలకు 12 పాళ్లు పెరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల వ్యాసం గల పట్టా చుట్టుకొలత 4.7 మీటర్లు. దానిని 500 డిగ్రీలు వేడెక్కిస్తే చుట్టుకొలత దాదాపు 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చల్లారినప్పుడు అంతా తిరిగి ముడుచుకొని ఆకులను (చక్రం లోపలి కమ్మీలను), పూటీలను (చక్రం అంచు ముక్కలను) ఒక్కటిగా బిగిస్తుంది. రబ్బరు టైరు విషయంలో ఈ మార్గం మూసుకుపోయింది, ఎందుకంటే ఆ వేడికి తీగ సాగే లోగానే రబ్బరు కాలిపోతుంది. టైరును ఎండలో పెడితే పెద్దదవుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. ఎండలో పెట్టడం మంచిదే, రబ్బరు మెత్తబడి పని సులువవుతుంది. అయితే 8 అంగుళాల టైరులోని తీగ 30 డిగ్రీల వేడికి పెరిగేది పావు మిల్లీమీటరుకు లోపే.

వేడి సహాయం లేనప్పుడు మిగిలేది జ్యామితి ఒక్కటే.

గాలి టైరు చరిత్ర కూడా ఇంట్లో తయారైన చిన్న బండితోనే ముడిపడి ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా పనిచేసిన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును తయారు చేసి, 1888లో పేటెంటు పొందాడు. (రాబర్ట్ విలియం థామ్సన్ అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఇటువంటి ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడని తరువాత బయటపడింది.) డన్‌లప్‌కు మన విద్యార్థి కష్టం లేదు. ఆయన రబ్బరు గొట్టాన్ని గుడ్డతో చుట్టి చక్రానికి అతికించేశాడు. కాని పంక్చరు పడితే అతికించినదంతా ఊడదీయవలసి వచ్చేది. తీసి మళ్లీ పెట్టుకోగలిగే టైరు కోసం చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ 1890లో పేటెంటు చేసిన ఉపాయం నాకు అత్యంత ప్రియమైనది: టైరు అంచులో సాగని తీగ, రిమ్ము నడుమ ఒక పల్లం. ఈనాటికీ మన సైకిలు, మోటారు సైకిలు, కారు టైర్లు ఆ ఉపాయం మీదనే నడుస్తున్నాయి.

రిమ్మును అడ్డంగా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. వాటికి మన మాటలనే వాడుకుందాము. రెండు పక్కలా ఎత్తుగా నిలిచినది గట్టు. గట్టు పక్కనే, టైరు అంచు చివరికి వచ్చి కూర్చునే చోటు అరుగు. రెండు అరుగుల మధ్య లోతుగా ఉండేది గాడి. టైరు కూర్చున్న తరువాత ఈ గాడికి పని లేదు. అది ఉన్నది టైరు ఎక్కడానికి, దిగడానికి మాత్రమే.

ఇప్పుడు లెక్క చేద్దాము. 8 అంగుళాలంటే 203 మిల్లీమీటర్లు. అరుగు వ్యాసం అంతే, దాని మీద బిగుతుగా కూర్చునే తీగ చుట్టుకొలత 638 మిల్లీమీటర్లు. గట్టు ఎత్తు 14 మిల్లీమీటర్లు అనుకుంటే గట్టు మీది వ్యాసం 231, చుట్టుకొలత 726. తేడా 88 మిల్లీమీటర్లు. ఉక్కు తీగ నూటికి ఒక వంతు సాగితేనే పాడైపోయే దశకు వస్తుంది, అంటే ఇక్కడ 6 మిల్లీమీటర్లు. కనుక బలంతో గెలిచే ప్రసక్తి లేదు.

టైరు అంచులో ముప్పాతిక భాగం లోపలికి పోయింది, చివరి పావు భాగాన్ని ఇనుప బద్దతో గట్టు దాటించాలి అనుకుందాము. లోపలికి పోయిన భాగం అరుగు మీదనే ఉంటే దానికి 478 మిల్లీమీటర్ల తీగ ఖర్చవుతుంది, గట్టు మీది పావు భాగానికి 181 కావాలి. మొత్తం 659. మన దగ్గర ఉన్నది 638. అంటే 21 మిల్లీమీటర్లు తక్కువ. అదే ముప్పాతిక భాగాన్ని 16 మిల్లీమీటర్ల లోతు గల గాడిలోకి దింపితే దానికి 403 మిల్లీమీటర్లే చాలు. 403కు 181 కలిపితే 584, అంటే 54 మిల్లీమీటర్ల తీగ మిగిలే ఉంది! నిజమైన తీగ గాడి అడుగున అంత పొందికగా పడుకోదు కనుక ఈ మిగులులో కొంత పోతుంది. అయినా ఒకే టైరు, ఒకే రిమ్ము, ఒకే మనిషి ఉండగా, ఎదురు వైపు అంచు అరుగు మీద ఉన్నదా గాడిలో ఉన్నదా అనే ఒక్క విషయం మీద పని అసాధ్యమో సులభమో నిర్ణయమవుతున్నది. ఆ విద్యార్థులు చేసిన రిమ్ములో గాడి లేదు. రేకును సమతలంగా వంచారు. నలుగురు కాదు, నలభై మంది పట్టినా ఆ టైరు ఎక్కదు.

ప్రశ్నలోని రెండవ భాగం ఇంకా మిగిలి ఉంది. గాడి ఉన్నప్పటికీ చిన్న టైరు పెద్ద టైరు కంటె ఎక్కువ మొండిగా ఎందుకు ఉంటుంది? వృత్తం చుట్టుకొలత సూత్రాన్ని మనం బడిలో వల్లె వేయిస్తాము కాని, దానిలోని ఒక ఆశ్చర్యాన్ని పిల్లలకు చూపించడం లేదు. గట్టు ఎత్తు 14 మిల్లీమీటర్లయితే చక్రం ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా తేడా 88 మిల్లీమీటర్లే, ఎందుకంటే ఆ తేడాలో చక్రం వ్యాసార్ధానికి పాత్ర లేదు. 17 అంగుళాల టైరులో 1357 మిల్లీమీటర్ల తీగ ఉంది, 88 అందులో నూటికి ఆరున్నర వంతు. 8 అంగుళాల టైరులో అది నూటికి దాదాపు 14. గో-కార్ట్‌లలో వాడే 5 అంగుళాల రిమ్ముకైతే నూటికి 22.

అంతకంటె ముఖ్యమైనది తీగ వంగే తీరు. ఒక వైపు గాడిలోకి నొక్కి మరొక వైపు గట్టు మీదికి లాగుతున్నప్పుడు తీగ వలయం సాగదు, కోడిగుడ్డు ఆకారానికి వంగుతుంది. ఒకే మందం గల తీగతో చేసిన వలయాలలో, ఒకే బలానికి ఎంత వంగుతుందనేది వ్యాసార్ధపు ఘనాన్ని బట్టి ఉంటుంది. 17 అంగుళాల వలయం 8 అంగుళాల దానికి రెండు రెట్లకు కొంచెం పైన. ఘనం చేస్తే తొమ్మిదిన్నర రెట్లు. 5 అంగుళాల వలయంతో పోలిస్తే ఏకంగా 39 రెట్లు. నలుగురు విద్యార్థుల చేతులలో ఉన్న చిన్న టైరు, పంక్చరు షాపు మనిషి చేతిలోని పెద్ద టైరు కంటె తొమ్మిదిన్నర రెట్లు బిరుసుగా ప్రవర్తించింది. ఇంతకంటె చక్కని ఘనసూత్ర పాఠం నాకు తెలియదు.

ఈ కారణం చేతనే చిన్న చక్రాలకు రిమ్మునే రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపే పద్ధతి వచ్చింది. పాత స్కూటర్ల 10 అంగుళాల చక్రాలను, ఆటోల 8 అంగుళాల చక్రాలను విప్పి చూసినవారికి అది తెలుసు. టైరును ఒక ముక్క మీద పెట్టి, ట్యూబు సర్ది, రెండవ ముక్కను మూతలా మూస్తే చాలు, తీగ ఏ గట్టునూ దాటనక్కరలేదు. సొంతంగా బండి చేసుకునేవారికి నా సలహా కూడా ఇదే: రిమ్మును ఇంట్లో తయారు చేయవద్దు, ఆటో రిమ్మును కొని వాడండి.

అయితే రెండు ముక్కల రిమ్ములో ప్రాణాపాయం ఒకటి ఉంది, దీనిని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. గాలి టైరు పక్క గోడలను బయటికి నెడుతుంది, ఆ నెట్టుడు రిమ్ము ముక్కలను విడదీయాలని చూస్తుంది. 4.00-8 టైరులో బీడ్ దగ్గర వ్యాసం 20 సెంటీమీటర్లు, టైరు అత్యంత వెడల్పుగా ఉబ్బిన చోట వ్యాసం సుమారు 30. ఈ రెండు వృత్తాల మధ్య వైశాల్యం 393 చదరపు సెంటీమీటర్లు. 30 పౌండ్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోలు. గుణిస్తే 825 కిలోలు. ఒక చిన్న కారు బరువును ఆ కొద్ది బోల్టులు మోస్తున్నాయి. చక్రాన్ని బండికి బిగించే నట్లు, రిమ్ము ముక్కలను కలిపే నట్లు పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. వాల్వు సూది తీసి గాలి పూర్తిగా పోయిందని చేతితో నొక్కి చూసుకోకుండా స్పానరు పట్టకూడదు.

ఒకే ముక్క రిమ్ముతో పని చేసేవారు టైరు అంచుకు సబ్బు నీళ్లు పూయాలి. నూనె, పెట్రోలు రబ్బరును పాడు చేస్తాయి. ట్యూబు ఉన్న టైరును వాల్వుకు ఎదురుగా ఉన్న చోట మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి, ఎందుకంటే వాల్వు అడుగు భాగం గాడిని ఆక్రమించి అక్కడ అంచును లోపలికి దిగనివ్వదు. బద్దతో ఎత్తుతున్నంతసేపూ ఎదురు వైపు అంచును మోకాలితో గాడిలోకి తొక్కి పట్టాలి. ట్యూబు లేని చిన్న టైరుకు గాలి నిలవకపోతే టైరు నడినెత్తి (నేలను తాకే భాగం) చుట్టూ తాడు కట్టి, కర్రతో మెలివేసి బిగిస్తే పక్క గోడలు విప్పారి అరుగులను తాకుతాయి. గాలి పట్టడం మొదలవగానే తాడు తీసేయాలి.

గాలి నిండుతుండగా అంచులు గాడిలో నుంచి అరుగు మీదికి ఎక్కుతూ 'ఠప్' మని శబ్దం చేస్తాయి. ఆ శబ్దం రాలేదని టైరు మీద రాసి ఉన్న పరిమితిని మించి గాలి కొట్టకుండా, గాలి తీసి, మళ్లీ సబ్బు నీళ్లు పూసి ప్రయత్నించాలి. టైరు పక్క గోడ మీద, రిమ్ముకు దగ్గరగా, సన్నని గీత ఒకటి అచ్చులోనే పోసి ఉంటుంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూసినప్పుడు ఆ గీతకు, గట్టుకు మధ్య దూరం చుట్టూ సమానంగా ఉంటే తీగ అరుగు మీద సరిగా కూర్చున్నట్లు. ఏదైనా ఒక చోట గీత గట్టు కిందికి పోయి కనిపించకుండా ఉంటే, అక్కడ అంచు ఇంకా గాడిలోనే ఉంది.